కొన్నది పాడైతే డబ్బు రాబట్టుకోవడం ఎలా: బిల్లు అడగడం దగ్గర్నుంచి కమిషన్ ఉత్తర్వు దాకా

కొత్త వాషింగ్ మెషిన్ కొన్న మూడో వారానికే మా ఇంట్లో నీళ్లు కారడం మొదలైంది. మెకానిక్ ఐదుసార్లు వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ ఏదో బిగించి, నా ఫోన్‌కి వచ్చిన ఓటీపీ అడిగి తీసుకుని వెళ్లిపోయేవాడు. ఆ ఓటీపీ చెప్పడమంటే పని బాగా జరిగిందని నేను ఒప్పుకున్నట్టేనని అప్పుడు నాకు తెలియదు. చివరికి మెషిన్ మార్చమని గట్టిగా అడిగితే, కంపెనీ రికార్డుల్లో నా ఐదు ఫిర్యాదులూ పరిష్కారమైపోయినట్టే ఉన్నాయి. వచ్చినప్పుడు చేసిన పనిని మెకానిక్ రాసిచ్చే జాబ్ షీటు ఒక్కటి కూడా నా దగ్గర లేదు.

ఆ దెబ్బ తర్వాత చట్టం చదివాను. చుట్టాలకీ, తెలిసినవాళ్లకీ ఫిర్యాదులు రాసిపెట్టడం మొదలుపెట్టాను. మన దేశంలో కొనుగోలుదారుడికి చట్టం బాగానే అండగా ఉంది. మనం దెబ్బతినేది రుజువు దగ్గర. అందుకే ఇందులో ఏ రోజు ఏ కాగితం చేతిలో పెట్టుకోవాలో ఎక్కువగా చెబుతున్నాను.

మీరు అడుగుతున్నది హక్కేనా, ముందు చూసుకోండి

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మనకు ఆధారం. పాత 1986 చట్టం స్థానంలో ఇది 2020 జులై 20న అమల్లోకి వచ్చింది. కొన్న వస్తువులో లోపం ఉన్నా, డబ్బిచ్చి పొందిన సేవలో లోటు ఉన్నా, ప్రకటనలో అబద్ధం చెప్పి అమ్మినా, ఉండాల్సిన ధర కంటే ఎక్కువ లాగినా ఫిర్యాదు చేయొచ్చు. షాపులో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా ఒకటే.

అయితే లోపం వేరు, నచ్చకపోవడం వేరు. చీర రంగు ఇంటికొచ్చి చూస్తే నచ్చలేదు, చెప్పులు రెండో ఆలోచనలో వద్దనిపించాయి అంటే వెనక్కి తీసుకోవాలని చట్టం ఎవర్నీ బలవంతం చేయదు. ఏడు రోజుల్లో, పది రోజుల్లో తిరిగివ్వొచ్చు అని ఆన్‌లైన్ కంపెనీలు చెప్పేది వాళ్లంతట వాళ్లు ఇచ్చిన మాట. అలా మాటిచ్చాక నిలబెట్టుకోవాలి, అంతవరకే. అదే చీర ‘రంగు పోదు’ అని చెప్పి అమ్మితే, మొదటి ఉతుకులోనే రంగు కారితే అది లోపం. అప్పుడు ‘రిటర్న్ గడువు అయిపోయిందండీ’ అనే జవాబు విని ఊరుకోనక్కర్లేదు. వాళ్ల గడువు వాళ్ల పాలసీది. లోపం మీద మీకున్న హక్కు చట్టం ఇచ్చింది.

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని గోడ మీద బోర్డు, బిల్లు అడుగున చిన్న అక్షరాలు చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. తగ్గకండి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరించడాన్ని ఈ చట్టం సెక్షన్ 2(47)లో అనుచిత వ్యాపార పద్ధతుల జాబితాలో చేర్చింది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే జాబితాలో ఉంది. డిస్కౌంట్‌లో కొన్న వస్తువుకీ ఇదే వర్తిస్తుంది. లోపం ఫలానా అని ముందే చూపించి, అందుకే తగ్గించి ఇస్తున్నామని చెప్పి అమ్మితే తప్ప, ధర తగ్గింది కాబట్టి హక్కు తగ్గదు.

తిరిగి అమ్ముకోవడానికో, పెద్ద వ్యాపారానికో కొన్నవాళ్లు ఈ చట్టం కిందికి రారు. కానీ బతుకుతెరువు కోసం తాను స్వయంగా నడుపుకోవడానికి కుట్టుమిషనో, జిరాక్స్ మిషనో కొన్న మనిషి వస్తాడు. ఇది తెలియక కేసు వదులుకున్నవాళ్లను చూశాను. ఉచితంగా పొందిన సేవలకు వర్తించదు. డబ్బు తీసుకుని వైద్యం చేసే ఆసుపత్రులు ఈ చట్టం పరిధిలోకి వస్తాయని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. వకీళ్ల సేవలు రావని 2024లో చెప్పింది.

కొనే రోజు

‘బిల్లు కావాలా? అయితే జీఎస్టీ ఎక్స్‌ట్రా’ అని అడుగుతారు కదా, ఆ ప్రశ్నకు జవాబులోనే సగం కేసు ఉంది. ప్యాకెట్ మీద వేసిన గరిష్ఠ చిల్లర ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దాని మీద మళ్లీ జీఎస్టీ వేయడం కుదరదు. బిల్లు వద్దని కొంత ఆదా చేసుకుంటే, రేపు ఆ వస్తువు అక్కడే కొన్నారని నిరూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. ఏ కారణం చేతైనా బిల్లు లేకపోతే కనీసం యూపీఐతోనో కార్డుతోనో చెల్లించండి, ఆ లావాదేవీ ఒక సాక్ష్యం.

బిల్లు చేతికొచ్చాక అక్కడే నిలబడి చూడండి. మోడల్ పేరు, సీరియల్ నంబరు, తేదీ, షాపు పూర్తి పేరు ఉన్నాయా? వారంటీ కార్డు మీద షాపు ముద్ర, తేదీ వేయించుకోండి. థర్మల్ కాగితం మీద వచ్చే బిల్లు కొన్ని నెలల్లో వెలిసి తెల్లకాగితం అయిపోతుంది. ఇంటికెళ్లేలోపే ఫొటో తీసి మీకు మీరే మెయిల్ చేసుకోండి.

అమ్మే మనిషి నోటితో చెప్పేవన్నీ రాతలో ఉండవు. ‘ఇన్‌స్టలేషన్ ఫ్రీ సార్’, ‘రెండేళ్లు ఏ పార్టు పోయినా మేమే మారుస్తాం’ అంటే బిల్లు వెనకే రాసి సంతకం చేయమనండి. చేయకపోతే ఇంటికెళ్లగానే షాపు వాట్సాప్ నంబరుకు ‘మీరు ఈరోజు ఇలా చెప్పారు, దాన్ని నమ్మి కొన్నాను’ అని ఒక మెసేజ్ పెట్టండి. రెండు నిమిషాల పని, మీ మాటకు తేదీతో సహా రుజువు దొరుకుతుంది.

బంగారం కొంటే హాల్‌మార్క్‌తో పాటు అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ కోడ్ (ఆ నగకు మాత్రమే ఇచ్చే గుర్తింపు సంఖ్య) నగ మీద ఉండాలి. హాల్‌మార్క్ వ్యవహారం చూసే భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ కోడ్ కొడితే నగ వివరాలు వస్తాయి. షాపులో కూర్చునే చూసుకోవచ్చు. హాల్‌మార్క్ వేసిన నగలో స్వచ్ఛత తక్కువని తేలితే, ఆ తేడాకు రెట్టింపు డబ్బు, పరీక్ష ఖర్చు ఇవ్వాలని బీఐఎస్ నిబంధనలు చెబుతున్నాయి.

ఆన్‌లైన్ పార్సిల్ అయితే, చిరునామా చీటీ కనిపించేలా మొదలుపెట్టి, ఆపకుండా, పెట్టె తెరిచేదంతా వీడియో తీయండి. ఫోన్ కొంటే పెట్టెలో సబ్బుబిళ్ల వచ్చిన వాళ్లకు ఈ వీడియో విలువ బాగా తెలుసు.

లోపం బయటపడిన రోజు

మొదట ఆ వస్తువు వాడటం ఆపండి. లోపం కనిపించేలా, వినిపించేలా వీడియో తీయండి. వారంటీలో ఉంటే బయటి మెకానిక్ చేత విప్పించకండి. విప్పితే వారంటీ పోయిందంటారు. అంతకంటే ముఖ్యంగా, రేపు కేసు విని తీర్పిచ్చే వినియోగదారుల కమిషన్ ఆ వస్తువును పరీక్షకు పంపితే లోపం మొదట్నుంచీ ఉన్నదా, విప్పడం వల్ల వచ్చిందా అన్న గొడవ మొదలవుతుంది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయొచ్చు, కానీ అక్కడితో ఆగొద్దు. ఫిర్యాదు నంబరు రాసుకుని, అదే రోజు అదే విషయం మెయిల్‌లో పెట్టండి. మెకానిక్ వచ్చి వెళ్లిన ప్రతిసారీ జాబ్ షీటు అడగండి. అందులో మీరు చెప్పిన లోపం, అతను చేసిన పని రెండూ ఉండాలి. సమస్య తీరకుండా ఓటీపీ చెప్పకండి. ‘చెప్పకపోతే నా కాల్ క్లోజ్ కాదు మేడం, నా జీతం కట్ అవుతుంది’ అని బతిమాలుతాడు. పాపం, అతని కష్టం కూడా నిజమే. అప్పుడు కూడా జాబ్ షీటు మీద ‘సమస్య తీరలేదు’ అని మీ చేత్తో రాసి, ఫొటో తీసుకున్నాకే చెప్పండి.

షాపువాడు ‘కంపెనీని అడగండి’ అంటాడు, కంపెనీ ‘డీలర్‌ని కలవండి’ అంటుంది. మీరు ఇద్దరికీ రాయండి. రేపు కేసు వేసినా ఇద్దర్నీ చేర్చండి. ఆన్‌లైన్‌లో అయితే బిల్లు మీద ఉన్న అమ్మకందారు, అమ్మిపెట్టిన వెబ్‌సైటు, తయారుచేసిన కంపెనీ, ముగ్గురూ. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వెబ్‌సైటులో గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) పేరు, సంప్రదించే వివరాలు ఉండి తీరాలి. ఆ అధికారి మీ ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. యాప్‌లోని చాట్‌తో కుస్తీ పట్టే బదులు వెబ్‌సైటు అడుగుభాగంలో ఈ వివరాలు వెతికి అక్కడికే రాయండి.

రాతపూర్వకంగా అడగడం

నాలుగు రోజులు చూసినా కదలిక లేకపోతే ఒక పద్ధతైన ఉత్తరం పంపాలి. వకీలు నోటీసే కానక్కర్లేదు. కమిషన్‌కు వెళ్లే ముందు నోటీసు ఇచ్చి తీరాలన్న నియమం చట్టంలో లేదు. అయినా ఇది మానొద్దని నా సలహా. మీరు అవకాశం ఇచ్చారని, వాళ్లు పట్టించుకోలేదని చూపించేది ఇదే. కోపం చూపించకండి, తిట్టకండి. తేదీలు, అంకెలు మాట్లాడాలి. నేను సాధారణంగా ఇలా రాస్తాను:

‘అయ్యా, ఫలానా తేదీన మీ దగ్గర ఫలానా మోడల్, ఫలానా సీరియల్ నంబరు గల ఫ్రిజ్‌ను ఇన్ని రూపాయలకు కొన్నాను (బిల్లు నంబరు ఇది). కొన్న ఇన్ని రోజులకు చల్లబరచడం ఆగిపోయింది. ఈ తేదీల్లో, ఈ నంబర్లతో ఫిర్యాదు చేశాను. మీ సాంకేతిక సిబ్బంది ఇన్నిసార్లు వచ్చినా లోపం పోలేదు. జాబ్ షీట్ల నకళ్లు జతచేశాను. ఇది వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం లోపమున్న వస్తువు. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా కొత్తది ఇవ్వండి, లేదా పూర్తి సొమ్ము తిరిగి చెల్లించండి. లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించి, వడ్డీ, నష్టపరిహారం, ఖర్చులు కోరవలసి వస్తుంది.’

దీన్ని మెయిల్‌లో పంపండి, స్పీడ్ పోస్టులో కూడా పంపండి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. అందినట్టు ట్రాకింగ్ పేజీని ఫొటో తీసి పెట్టుకోండి, కొన్నాళ్లకు అది కనబడదు.

సేవల విషయంలో

సేవకు చేతిలో పట్టుకుని చూపించడానికి వస్తువు ఉండదు. అందుకే ఏం చేస్తామన్నారు, ఎప్పటికి చేస్తామన్నారు, ఎంతకు చేస్తామన్నారు అనే మూడూ ముందే రాతలో ఉండాలి. ఇంటికి రంగులేసే కాంట్రాక్టరైనా, ఫంక్షన్ హాలైనా, పెళ్లి ఫొటోలు తీసేవాళ్లైనా అడ్వాన్సు ఇచ్చేటప్పుడే ఈ మూడూ వాట్సాప్‌లో రాసి ‘సరే’ అనిపించుకోండి. నిర్లక్ష్యం మాత్రమే కాదు, మీకు చెప్పాల్సిన సమాచారం కావాలని దాచడం కూడా చట్టం దృష్టిలో సేవాలోపమే.

హోటల్లో బిల్లుకు సర్వీస్ చార్జీ కలిపితే తీసేయమని అడగండి. అది మీ ఇష్టం మీద ఆధారపడిందని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. బ్యాంకు మీద ఫిర్యాదైతే ముందు బ్యాంకుకు రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండా రాయొచ్చు. బీమాకూ ఇలాంటి అంబుడ్స్‌మన్ ఉన్నారు.

యాప్‌లు, సబ్‌స్క్రిప్షన్లు, ఆన్‌లైన్ కోర్సులు

డిజిటల్ సరుకుకు హక్కులుండవని చాలామంది అనుకుంటారు. 2019 చట్టం ఈ-కామర్స్‌ను నిర్వచిస్తూ డిజిటల్ ఉత్పత్తులను కూడా పేరు పెట్టి చేర్చింది. డబ్బు కట్టిన యాప్ పనిచేయకపోయినా, కొన్న కోర్సులో చెప్పిన పాఠాలు లేకపోయినా మీరు వినియోగదారుడే.

ఇక్కడ చిక్కు ఏమిటంటే, నిన్న కనిపించిన పేజీ ఇవాళ ఉండదు. డబ్బు కట్టే ముందే ధర, లోపల ఏముంటుంది, రద్దు షరతులు ఉన్న పేజీలన్నీ తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. కోర్సు అమ్మే మనిషి ఫోన్లో ‘నచ్చకపోతే ఫుల్ రిఫండ్’ అంటే, అదే మాట మెసేజ్‌లో పెట్టమనండి. పిల్లల కోచింగ్ కోసం ఈఎంఐ మీద సంతకం చేసేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. కోర్సు మానేసినా వాయిదాలు ఆగవు, ఎందుకంటే అప్పు ఇచ్చింది వేరే సంస్థ. ఆ అప్పు ఎవరి పేరున ఉందో చదివి కానీ ఓటీపీ ఇవ్వకండి. ఈ ఒక్క విషయంలో ఎన్ని కుటుంబాలు నలిగిపోతున్నాయో చూస్తుంటే బాధేస్తుంది.

‘ఫ్రీ ట్రయల్’ అని మొదలై నెలనెలా డబ్బు పోయేవి మరో రకం. రద్దు చేసే బటన్‌ను దాచిపెట్టడం, ఉచితం అంటూనే కార్డు వివరాలు బలవంతంగా తీసుకోవడం, మీరు ఎంచుకోని వస్తువును బుట్టలో వేయడం, చివరి పేజీలో కొత్త చార్జీలు చేర్చడం, ఇవన్నీ మోసపు డిజైన్లేనని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇలాంటివి మొత్తం 13 రకాలు గుర్తించి నిషేధించారు. ముందు మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి ఆ అనుమతిని రద్దు చేయండి. కార్డయితే బ్యాంకుకు చెప్పండి. యాప్‌ను ఫోన్లోంచి తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు, అనుమతి రద్దు చేస్తేనే ఆగుతుంది. ఆ తర్వాత పోయిన డబ్బు కోసం కంపెనీకి రాయండి.

1915

ఉత్తరానికి జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు. హెల్ప్‌లైన్ వెబ్‌సైటులోనూ ఫిర్యాదు నమోదు చేయొచ్చు, కాగితాలు జతచేయడానికి అదే సులువు. వాళ్లు మీ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రాబడతారు. చాలా పెద్ద కంపెనీలు ఈ హెల్ప్‌లైన్‌తో ఒప్పందం పెట్టుకున్నాయి కాబట్టి చిన్నచిన్న రిఫండ్లు ఇక్కడే తేలిపోతుంటాయి. కానీ ఇది కోర్టు కాదు, కంపెనీని ఆదేశించే అధికారం లేదు. కంపెనీ ఒక పొడి జవాబు పంపితే ఫిర్యాదు ముగిసిపోవచ్చు. నిరుత్సాహపడకండి, ఆ జవాబు కాపీ కూడా దాచండి.

ఒక్క జాగ్రత్త. కేసు వేయడానికి, తగాదా పుట్టిన రోజు నుంచి 2 ఏళ్ల గడువు. ఉత్తర ప్రత్యుత్తరాలు నడుస్తున్నంత మాత్రాన అది పెరగదు. ఆలస్యానికి బలమైన కారణం చూపిస్తే కమిషన్ మన్నించవచ్చు, కానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

కమిషన్‌లో కేసు వేయడం

మనం ఇప్పటికీ వినియోగదారుల ఫోరం అంటున్నదే ఇప్పుడు జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్. మీరు చెల్లించిన ధర 50 లక్షల రూపాయల లోపు ఉంటే అక్కడే. 50 లక్షలు దాటి 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్. లెక్కలోకి వచ్చేది మీరు కట్టిన ధర మాత్రమే, కోరే పరిహారం కాదు. ధర 5 లక్షలు మించకపోతే ఫీజు అసలు లేదు. 5 నుంచి 10 లక్షలకు 200 రూపాయలు, 20 లక్షల దాకా 400, 50 లక్షల దాకా 1,000.

కంపెనీ ఆఫీసు ముంబయిలోనో బెంగళూరులోనో ఉందని భయపడకండి. మీరు ఉంటున్న చోట, లేదా ఉద్యోగం చేస్తున్న చోట ఉన్న కమిషన్‌లోనే వేయొచ్చు. 2019 చట్టం తెచ్చిన మార్పుల్లో సామాన్యుడికి అన్నిటికంటే మేలు చేసినది ఇదేనని నా నమ్మకం. వకీలు తప్పనిసరి కాదు. మీరే వాదించుకోవచ్చు. ఆన్‌లైన్‌లో అయితే 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్‌లో ఖాతా తెరిచి దాఖలు చేయాలి.

ఫిర్యాదును పేరాలుగా, తేదీల వరుసలో రాయండి. మీరెవరు, ఎదుటి పక్షాలు ఎవరు, ఏం కొన్నారు, ఏం జరిగింది, ఎన్నిసార్లు అడిగారు, ఈ కమిషన్‌కే ఎందుకు వచ్చారు, 2 ఏళ్ల గడువులోనే ఉన్నారా, చివరికి ఏం కావాలి. ప్రతి వాక్యానికి ఒక కాగితం చూపించగలగాలి. ‘అనుబంధం 3 చూడండి’ అని పక్కనే రాయండి. మొదట్లో తేదీల పట్టిక ఒక పేజీ పెడితే చదివేవాళ్లకు ఎంతో సులువు. మీరు చెప్పినవి నిజమని అఫిడవిట్ (ప్రమాణపత్రం) జతచేయాలి. స్క్రీన్‌షాట్లు, వీడియోలు పెడుతుంటే సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకు ఇచ్చే ధ్రువపత్రం కూడా పెట్టండి, అవతలివాళ్లు వాటిని తోసిపుచ్చే వీలు తగ్గుతుంది.

కోరేవి విడివిడిగా రాయండి: వస్తువు మార్చాలి లేదా డబ్బు తిరిగివ్వాలి, ఫలానా తేదీ నుంచి వడ్డీ, మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు. 18 వేల రూపాయల మెషిన్‌కు 50 లక్షల పరిహారం అడిగితే మీ ఫిర్యాదు మీదే నమ్మకం పోతుంది. మీరు సెలవు పెట్టిన రోజులు, బయట బట్టలు ఉతికించిన ఖర్చు, ఇలా లెక్క చూపగలిగినంత అడగండి.

దాఖలయ్యాక సాధారణంగా 21 రోజుల్లో స్వీకరించాలో లేదో చూస్తారు. మీ మాట వినకుండా తిరస్కరించరు. ఎదుటి పక్షానికి జవాబు ఇవ్వడానికి 30 రోజులు, మహా అయితే మరో 15. అంతకు మించి ఇచ్చే అధికారం కమిషన్‌కు లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. 46వ రోజున జవాబు పట్టుకొస్తే మీరు అభ్యంతరం చెప్పండి. రాజీకి అవకాశముందనిపిస్తే కమిషన్ మధ్యవర్తిత్వానికి పంపుతుంది. అక్కడ తేలితే మంచిదే, ఇష్టం లేకపోతే ఒప్పుకోనక్కర్లేదు. చట్టం మాత్రం మూడు నెలల్లో, వస్తువును పరీక్షకు పంపాల్సి వస్తే అయిదు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలంటుంది. నిజానికి అంతకంటే బాగా ఎక్కువే పడుతుంది. వాయిదాలకు వీడియో ద్వారా హాజరవుతానని కోరవచ్చు. ఉద్యోగం చేసుకునేవాళ్లు ఆ అర్జీ మొదట్లోనే పెట్టుకోవాలి.

ఉత్తర్వు వచ్చాక

ఉత్తర్వు నకలు తీసుకుని, డబ్బు ఎన్ని రోజుల్లో ఇవ్వాలన్నారో చూడండి. అవతలివాళ్లు 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు, కానీ కట్టమన్న సొమ్ములో సగం ముందు జమ చేయాలి. అప్పీలూ లేదు, డబ్బూ రాలేదంటే అదే జిల్లా కమిషన్‌లో అమలు అర్జీ వేయండి. సెక్షన్ 71 కింద సివిల్ కోర్టు డిక్రీ (తీర్పు ఉత్తర్వు) లాగా వసూలు చేయించవచ్చు. సెక్షన్ 72 కింద నెల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 25 వేల నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఈ అర్జీ వేసి సమన్లు వెళ్లాక కంపెనీ మనిషి ఫోన్ చేసి ‘సెటిల్ చేసుకుందాం’ అనడం మామూలే. అప్పుడు అసలు, వడ్డీ, పరిహారం, ఖర్చులు కలిపి ఎంత రావాలో ఆ రోజు దాకా లెక్కగట్టి మెయిల్ చేయండి. చెక్కు ఇస్తే అది మారి డబ్బు ఖాతాలో పడేదాకా ఆగి, ఆ తర్వాతే ‘మొత్తం ముట్టింది’ అనే మెమో మీద సంతకం చేయండి.